కాంబి మోడ్‌లో నిప్పురవ్వలు వచ్చాయి, ఈ ఓవెన్ మళ్లీ వాడొచ్చా?

ఎంవీపీ_లక్ష్మి
ఆదివారం సాయంత్రం నుంచి వంటింట్లోకి వెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది. జరిగింది జరిగినట్టు చెప్తాను, తప్పెక్కడ చేశానో మీరు చెప్పండి.

రెండు నెలల క్రితం మా అమ్మాయి 28 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్ కొనిపెట్టింది. మైక్రో, గ్రిల్, కన్వెక్షన్, కాంబి అన్నీ ఉన్న రకం. ఇన్నాళ్లూ అన్నం, కూరలు వేడి చేసుకోవడానికే వాడాను. ఆదివారం మొదటిసారి కాంబిలో చికెన్ పెట్టాను. ఓవెన్‌తో వచ్చిన ఇనుప స్టాండు, దాని మీద మా స్టీలు పళ్లెం, అందులో ముక్కలు. రెండు నిమిషాలు కాకుండానే లోపల చిటపటమంటూ నీలం రవ్వలు! గబగబా ఆపేశాను. ప్లగ్ తీద్దామని చెయ్యి పెడితే ఎక్స్‌టెన్షన్ బాక్స్ చురుక్కుమంది, ప్లాస్టిక్ కాలిన వాసన కూడా.

ఇప్పుడు ఓవెన్ లోపల కుడి గోడ మీద శనగగింజంత నల్ల మచ్చ ఉంది. కొన్నచోట డెమో చూపించిన అబ్బాయి "కన్వెక్షన్ ఉంది కదా మేడమ్, స్టీలు కూడా పెట్టుకోవచ్చు" అన్నాడు. అది విని పెట్టాను. మావారు అమ్మేయమంటున్నారు. మళ్లీ వాడొచ్చా?

గాజువాక_కుర్రోడు
అక్కా, ముందు ఒక్కటి చెప్పు. ఆ చికెన్ ఏమైంది?

ఎంవీపీ_లక్ష్మి
పొయ్యి మీద వేపుడు చేశాను తమ్ముడూ. బాగానే కుదిరింది.

సీతమ్మధార_పిన్ని
స్టీలు ఓవెన్‌లో పెట్టకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు కదమ్మా. నేను పదిహేనేళ్లుగా వాడుతున్నాను, ఒక్క చెంచా కూడా లోపలికి వెళ్లనివ్వలేదు.

కేకుల_కోడలు
పిన్నిగారూ, మీది ఉత్తి మైక్రోవేవ్ అయి ఉంటుంది. దానికి మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కన్వెక్షన్ ఉన్నదానికి అంత తేలిగ్గా చెప్పలేం. నేను వైజాగ్ మధురవాడలో ఇంటి నుంచే కేకులు చేసి ఇస్తాను, రోజూ అల్యూమినియం టిన్ను లోపల పెట్టే కేకు చేస్తాను. రవ్వ రాదు. ఎందుకంటే కన్వెక్షన్ మోడ్‌లో మైక్రోవేవ్ తరంగాలే ఉండవు. వెనకాల హీటర్, దాని పక్కన ఫ్యాను, అంతే. వేడి గాలి తిరుగుతుంది. అప్పుడది మామూలు బేకింగ్ ఓవెన్.

లక్ష్మిగారికి ఆ అబ్బాయి చెప్పింది సగం నిజం. కన్వెక్షన్‌లో స్టీలు పెట్టొచ్చు. కాంబిలో కన్వెక్షన్‌తో పాటు మైక్రో కూడా నడుస్తుంది. ఆ ముక్క చెప్పలేదు అతను.

సీతమ్మధార_పిన్ని
మరి ఆవిడ పెట్టిన స్టాండు కూడా ఇనుమే కదా? కంపెనీవాళ్లే ఇచ్చారు. అది పెట్టొచ్చు, పళ్లెం పెట్టకూడదు అంటే ఎలా అర్థం చేసుకోవాలి?

ఎన్‌ఏడీ_మెకానిక్
మంచి ప్రశ్న అడిగారు. ఎన్‌ఏడీ దగ్గర ఓవెన్ల రిపేరు చేస్తాను, వారానికి ఒక్కటైనా ఇలాంటి కేసు వస్తుంది.

లోహం మీద మైక్రోవేవ్ పడితే వెనక్కి కొడుతుంది. అసలు ఓవెన్ గోడలు కూడా లోహమే, లోహం ఉండటమే తప్పయితే ఓవెనే పనిచేయదు. గొడవ ఎక్కడొస్తుందంటే సన్నటి అంచులు, మొనలు, ముడతలు ఉన్నచోట. కరెంటు అక్కడ పోగవుతుంది, రవ్వగా దూకుతుంది. ఫోర్కు ముళ్లు, నలిగిన ఫాయిల్, పళ్లేల మీద బంగారు గీత, ఇవన్నీ అందుకే మెరుస్తాయి. రెండు లోహపు వస్తువులు ఒకదానికొకటి వెంట్రుకవాసి దూరంలో ఉన్నా అంతే, మధ్య సందులో రవ్వ పుడుతుంది. లక్ష్మిగారి స్టాండు మీద స్టీలు పళ్లెం కూర్చోవడం అచ్చంగా అదే. పళ్లెం అంచు గోడకి కూడా దగ్గరగా వెళ్లి ఉంటుంది, మచ్చ అక్కడిదే.

కంపెనీ స్టాండు ఆ ఓవెన్ కొలతకి చేసింది. మొనలు లేకుండా గుండ్రటి కడ్డీలు, గోడకి తగలని సైజు. చాలా మోడళ్లలో దాన్ని కాంబిలో, గ్రిల్‌లో, కన్వెక్షన్‌లో వాడమంటారు, ఉత్తి మైక్రోలో వద్దంటారు. మీ మోడల్‌కి ఏమి రాశారో పుస్తకంలో గిన్నెల పట్టిక ఉంటుంది, అది చూడండి. ఒక కంపెనీ స్టాండు ఇంకో కంపెనీ దాంట్లో పెట్టకండి.

గాజువాక_కుర్రోడు
అంటే ఫ్రిజ్ మీద స్టిక్కర్ అంటించినట్టు ఓవెన్ మీద ఒక చీటీ అంటించేయాలి. మైక్రో: గాజు, పింగాణీ. కన్వెక్షన్: గాజు, స్టీలు, టిన్ను. కాంబి: గాజు, కంపెనీ స్టాండు.

కేకుల_కోడలు
మా ఇంట్లో నిజంగానే అంటించాం తమ్ముడూ, మా అత్తగారి కోసం పెద్దక్షరాల్లో. ప్లాస్టిక్ గురించి కూడా చేర్చు: మైక్రోలో తప్ప ఎక్కడా వద్దు. "మైక్రోవేవ్ సేఫ్" అని రాసున్న డబ్బా మైక్రోకి మాత్రమే సేఫ్. ఆ డబ్బాలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. అది 160 డిగ్రీల దగ్గర్లో కరుగుతుంది. కన్వెక్షన్‌లో మనం పెట్టేదే 180, 200.

ఇంకోటి, గాజు అన్నాం కదా అని మంచినీళ్ల గ్లాసు కన్వెక్షన్‌లో పెట్టకండి. బోరోసిలికేట్ గాజు అయితేనే ఆ వేడికి ఆగుతుంది.

కొత్తకాపురం_రుషికొండ
ప్లాస్టిక్ గురించి నా అనుభవం చెప్తాను. కన్వెక్షన్‌లో బ్రెడ్ చేసి తీశాను. వెంటనే మధ్యాహ్నం పప్పు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మైక్రోలో ఒక నిమిషం తిప్పాను. మోడ్ మైక్రోనే, డబ్బా మైక్రోవేవ్ సేఫే. తీసేసరికి అడుగు మెత్తబడి గాజు పళ్లేనికి అతుక్కుపోయింది. పప్పంతా పోయింది. లోపలి గోడలూ పళ్లెం ఇంకా 200 డిగ్రీల వేడి మీదే ఉన్నాయన్న ఆలోచనే రాలేదు నాకు.

కేకుల_కోడలు
అవునమ్మా, బేకింగ్ అయ్యాక తలుపు తీసి పెట్టి అరగంటైనా ఆగాలి, లేదా గాజు గిన్నెలో పెట్టుకోవాలి. బేకింగ్ అవ్వగానే ప్లగ్ దగ్గర స్విచ్ కట్టేయకండి కూడా. లోపల చల్లబరిచే ఫ్యాను కాసేపు తిరుగుతుంది, అది దానంతటది ఆగాక కట్టాలి.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
అందరూ రవ్వల గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆ పోస్టులో అన్నిటికంటే భయం వేసింది ఎక్స్‌టెన్షన్ బాక్స్ విషయం. రవ్వలు కనిపించాయి కాబట్టి ఆవిడ ఆపారు. లేకపోతే ఇంకో ఇరవై నిమిషాలు చికెన్ ఉడుకుతూ ఉండేది, ఓవెన్ వెనకాల ఆ బాక్స్ కరుగుతూ ఉండేది. ఎవరికీ కనపడేది కాదు.

లెక్క చెప్తాను. మా ఇంట్లో కూడా 28 లీటర్లదే, వెనకాల పట్టీ మీద ఇలా ఉంది: మైక్రో 1400 వాట్లు, కన్వెక్షన్ 2200, కాంబిలో గరిష్ఠంగా 2900. "900 వాట్ల ఓవెన్" అని అమ్ముతారు చూడండి, అది వంటలోకి వెళ్లే శక్తి. కరెంటు లాగేది అంతకంటే ఎక్కువ. ఇప్పుడు 2900ని 230 వోల్టులతో భాగించండి. 12.6 యాంపియర్లు. మామూలు చిన్న ప్లగ్ 6 యాంపియర్లకి. ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో వైరు ఇంకా సన్నం.

లక్ష్మిగారి ఇంట్లో రెండు నెలలు ఏమీ కాకపోవడానికి కారణం కూడా అదే. అన్నం వేడి చేయడానికి మైక్రోలో రెండు నిమిషాలు, వైరు వేడెక్కేలోపే పని అయిపోతుంది. కాంబి, కన్వెక్షన్ అలా కాదు. ఒకటిన్నర నుంచి రెండింతల కరెంటు, పైగా అరగంట, ముప్పావుగంట.

16 యాంపియర్ల పెద్ద సాకెట్, దానికి విడిగా మీటరు బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్), పనిచేసే ఎర్తింగ్. ఇవి లేకుండా ఈ ఓవెన్‌లో కన్వెక్షన్ వేయకండి.

ఎంవీపీ_లక్ష్మి
అయ్యబాబోయ్. ఓవెన్ ప్లగ్ పెద్దది, మా వంటింట్లో సాకెట్ పట్టలేదు. అందుకే పెద్ద ప్లగ్‌ని చిన్నదానిగా మార్చే అడాప్టరు ఒకటి కొని బాక్సుకి పెట్టాం. ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు జలదరిస్తోంది.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
ఆ ప్లగ్ పెద్దదిగా చేసిందే చిన్న సాకెట్లో పట్టకూడదని అమ్మా. ఆ అడాప్టరు, ఆ బాక్సు రెండూ పారేయండి. వేరే దేనికీ కూడా వాడకండి, లోపల ఇన్సులేషన్ దెబ్బతిని ఉంటుంది.

పెందుర్తి_తాతయ్య
మాది పాత ఇల్లు. ఎర్తు గుంటలో నీళ్లు పోయక ఎన్నేళ్లయిందో. ఓవెన్ తలుపు పట్టుకుంటే వేళ్లకి జివ్వుమనేది. కోడలు చెప్తే నేనే నమ్మలేదు, చేతులు తడిగా ఉండి ఉంటాయిలే అన్నాను. ఒకరోజు నాకూ తగిలింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే సాకెట్లో ఎర్తు వైరు ఉంది కానీ అవతలి కొస దేనికీ కలిపి లేదని తేలింది. మూడో కన్నం ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. టెస్టరుతో కాదు, మీటరు పెట్టి చూపించమనండి. జివ్వుమంటే ఆ రోజే వాడకం ఆపండి. కోడలి మాట వినకపోవడం నా తప్పు, ఆ సంగతి ఆమెకీ చెప్పాను.

లాసన్స్‌బే_గాలి
బీచ్ దగ్గర ఉండేవాళ్లకి ఇంకో బాధ ఉంది. ఉప్పు గాలి. మా ఫ్లాట్ బాల్కనీ నుంచి సముద్రం కనపడుతుంది, కిటికీ గ్రిల్ రెండేళ్లకోసారి రంగు వేయకపోతే రాలిపోతుంది. ఓవెన్ లోపల మూలల్లో ఎనామెల్ పూత చిన్నగా పెచ్చు లేస్తే చాలు, తుప్పు పట్టేస్తుంది. మాది అలాగే అయింది, తర్వాత ఉత్తి అన్నం పెట్టినా అక్కడ రవ్వలు వచ్చేవి. లక్ష్మిగారూ, మీ నల్ల మచ్చ దగ్గర రంగు లేచిందా, మసి మాత్రమేనా? తడిగుడ్డతో తుడిచి చూడండి. ప్లగ్ తీసేసి.

ఎంవీపీ_లక్ష్మి
తుడిచాను. మసి చాలావరకు పోయింది. మధ్యలో ఆవగింజంత చోట తెల్లటి రేకు కనపడుతోంది.

ఎన్‌ఏడీ_మెకానిక్
అయితే అది బాగు చేయించాకే వాడండి. కన్వెక్షన్ ఓవెన్ కాబట్టి ఆ వేడికి ఆగే రంగు వేయాలి, బజారులో దొరికే మామూలు స్ప్రే రంగు వేయించవద్దు. పనిలో పనిగా మైకా షీటు చూడమనండి. కుడి గోడ మీద బూడిద రంగు అట్టముక్కలా ఉంటుంది, తరంగాలు లోపలికి వచ్చే దారికి మూత అది. చాలామంది అది ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేస్తారు! దాని మీద నూనె, మసాలా చిందినవి తుడవకపోతే మాడి బొగ్గవుతాయి, ఆ బొగ్గు దగ్గరే రవ్వలు మొదలవుతాయి. మార్చడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇంట్లో ఎవరూ పై డొక్కు విప్పవద్దు. "మావారికి కాస్త కరెంటు పని తెలుసు", "మా అబ్బాయి వీడియో చూసి విప్పుతాడు" అంటారు కొందరు. లోపల కెపాసిటర్ ఉంటుంది, రెండు వేల వోల్టుల పైమాట. ప్లగ్ తీసేసినా అందులో ఛార్జి నిలబడి ఉంటుంది. మిక్సీ, ఫ్యాను విప్పినట్టు కాదు. మనిషి ప్రాణం పోతుంది. నేను ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, ఇప్పటికీ దాన్ని డిశ్చార్జి చేశాకే చెయ్యి పెడతాను.

అక్కయ్యపాలెం_అమ్మాయి
రవ్వలు సరే, రేడియేషన్ సంగతి ఏమిటి? నాకు ఐదో నెల. ఓవెన్ నడుస్తున్నంతసేపూ మా అమ్మ నన్ను హాల్లోకి పంపేస్తోంది. అందులో చేసినవి తినొద్దని కూడా అంటోంది.

సీతమ్మధార_పిన్ని
అమ్మ చెప్పింది వినమ్మా. ఐదో నెలలో ఎందుకొచ్చిన రిస్కు? పొయ్యి మీద వండుకుంటే పోలా?

రిటైర్డ్_ఎలక్ట్రికల్
పిన్నిగారి జాగ్రత్తని కాదనను, కానీ కారణం లేని భయం ఆ అమ్మాయికి మంచిది కాదు. ఎక్స్‌రే వేరు, ఇది వేరు. మైక్రోవేవ్ తరంగం 2.45 గిగాహెర్ట్జ్, మీ ఇంట్లో వైఫై పనిచేసే ప్రాంతమే. శక్తి ఎక్కువ కాబట్టి వేడి చేస్తుంది, ఎక్స్‌రేలా కణాల్లోకి దూరి డీఎన్ఏని విరిచే రకం కాదు. స్విచ్ ఆపగానే తరంగాలు ఆగిపోతాయి, లైటు ఆపితే వెలుగు ఆగినట్టు. తిండిలో ఏమీ మిగలదు.

తలుపు అద్దంలో చిల్లుల జాలీ ఉంటుంది చూడండి. ఆ తరంగం పొడవు 12 సెంటీమీటర్లు, చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు. వెలుగు బయటికి వస్తుంది, మైక్రోవేవ్ రాలేదు. అమెరికా నియమం ప్రకారం ఓవెన్ జీవితకాలంలో ఎప్పుడైనా సరే, 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లకి మించి లీకు కాకూడదు. దూరం జరిగేకొద్దీ అది వేగంగా పడిపోతుంది.

కాబట్టి చూడాల్సింది తలుపు. బాగా మూసుకుంటోందా, కీళ్లు వదులయ్యాయా, అంచు చుట్టూ సీలు మీద జిడ్డు పేరుకుందా, అద్దం పగిలిందా. ఇందులో ఏది ఉన్నా వాడకండి. తలుపు పట్టుకుని వేలాడే మనవలుంటే ఇంకా జాగ్రత్త.

అక్కయ్యపాలెం_అమ్మాయి
చాలా థ్యాంక్స్ అంకుల్. అమ్మకి చదివి వినిపించాను. "సరేలే, కానీ దగ్గరగా నిలబడకు" అంది. ఫోను లోపల పెట్టి రింగ్ చేసి చూస్తే లీకు తెలుస్తుందని విన్నాను, నిజమేనా?

ఎన్‌ఏడీ_మెకానిక్
అది పరీక్ష కాదమ్మా. ఫోను చాలా బలహీనమైన సిగ్నల్ కూడా పట్టుకుంటుంది, బాగున్న ఓవెన్‌లో కూడా మోగొచ్చు. పైగా పొరపాటున ఎవరైనా స్టార్ట్ నొక్కితే ఫోనూ పోతుంది, ఓవెనూ పోతుంది. లీకు చూసే మీటరు ఉంటుంది, సర్వీసుకి వచ్చినవాళ్లని అడగండి.

గాజువాక_కుర్రోడు
ఈ ఓవెన్ పుట్టిందే ఒకాయన జేబులో చాక్లెట్ కరగడం వల్ల అని చదివాను. పెర్సీ స్పెన్సర్, 1945లో, రాడార్ కోసం వాడే మాగ్నెట్రాన్, అంటే ఈ తరంగాలు పుట్టించే గొట్టం, పక్కన నిలబడ్డాడట. 1947లో వచ్చిన మొదటి ఓవెన్ మనిషంత ఎత్తు, 340 కిలోలు. లక్ష్మక్కా, అది అయితే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కాదు, సబ్‌స్టేషన్ మీద పెట్టాలి.

పెందుర్తి_తాతయ్య
మా వంటింటి గట్టు మీద అది పెడితే కిందింటివాళ్ల ఇంట్లోకి దిగుతుంది.

సీతమ్మధార_పిన్ని
సరే, కన్వెక్షన్ సంగతి నాకు కొత్త, ఒప్పుకుంటున్నాను. కానీ ఉత్తి మైక్రోలో కూడా జరిగేవి ఉన్నాయి, అవి కూడా రాయనివ్వండి.

పోయిన కార్తీకమాసంలో కారప్పొడికి కరివేపాకు ఎండబెడదామని గుప్పెడు ఆకు పెట్టి నాలుగు నిమిషాలు వేసి ఫోను మాట్లాడుతున్నాను. ఆకు ఎండిపోయాక తరంగాలకి తాగడానికి నీరు లేదు కదా, ఆకే అంటుకుంది. నేను చూసి తలుపు తీశాను. తీయకూడదట! గాలి తగిలి మంట భుజం ఎత్తు లేచింది. ముంజేతి మీద వెంట్రుకలు కాలాయి, దేవుడి దయ వల్ల చీరకి అంటుకోలేదు.

లోపల మంట కనపడితే తలుపు మూసే ఉంచాలి. ఓవెన్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కట్టేసి, మంట దానంతటది ఆరేదాకా దూరంగా నిలబడాలి. ఆరకపోతే 101కి ఫోను చేయాలి. ఇది మీ ఇంట్లో పనిమనిషికి, పిల్లలకి కూడా చెప్పి ఉంచండి. నాకు ఎవరూ చెప్పలేదు.

కేకుల_కోడలు
పిన్నిగారూ, ఇది మీరు రాయడం చాలా మంచిదైంది. ఖాళీగా మైక్రో నడపకూడదన్నదీ ఇందుకే. లోపల తాగేది లేకపోతే తరంగాలు తిరిగి మాగ్నెట్రాన్ మీదికే వెళ్తాయి. ప్రీహీట్ చేసేటప్పుడు కన్వెక్షన్ నొక్కబోయి కాంబి నొక్కేవాళ్లు ఉన్నారు, డిస్‌ప్లే మీద గుర్తు చూసి నొక్కండి.

కొత్తకాపురం_రుషికొండ
వంకాయ! బజ్జీ పచ్చడికి పెద్ద వంకాయ గాటు పెట్టకుండా మైక్రోలో పెట్టాను. టపామని పేలి లోపలంతా గుజ్జు. తొక్కలో ఆవిరికి దారి లేక అట. బంగాళాదుంపకీ ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవాలి. గుడ్డు పెంకుతో అసలు పెట్టకూడదు, ఉడికిన గుడ్డు వేడి చేసినా పేలుతుంది, ఒక్కోసారి తినేటప్పుడు నోటి దగ్గర పేలుతుంది.

లాసన్స్‌బే_గాలి
నీళ్లు కూడా. మా నాన్నగారు నున్నటి కప్పులో నీళ్లు మూడు నిమిషాలు పెట్టి తీశారు. బుడగ కూడా లేదు, కాగలేదనుకుని ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేశారు. నీళ్లన్నీ ఒక్కసారి పైకి ఎగజిమ్మి చేతి మీద పడ్డాయి. మరిగే వేడి దాటిపోయి కూడా కదలకుండా ఉంటాయట, ఏదైనా తగలగానే ఒక్కసారి మరుగుతాయి. అప్పటి నుంచి కప్పులో చెక్క గరిటె ఒకటి వేసి పెడుతున్నాం, తీసే ముందు అర నిమిషం ఆగుతున్నాం.

అక్కయ్యపాలెం_అమ్మాయి
పాపాయి వచ్చాక పాలు వేడి చేయడానికి వాడొచ్చా?

సీతమ్మధార_పిన్ని
అది మాత్రం వద్దు తల్లీ. సీసా పైన గోరువెచ్చగా ఉంటుంది, మధ్యలో పాలు నోరు కాలేలా ఉంటాయి. ఈ ఓవెన్ వేడి ఒక్కలా పడదు. వేడినీళ్ల గిన్నెలో సీసా పెట్టుకో, అదే మంచిది.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
పిన్నిగారు చెప్పింది నిజం, పెద్దవాళ్ల తిండికీ వర్తిస్తుంది. చికెన్, చేప పెట్టినప్పుడు మధ్యలో ఒకసారి తిప్పి పెట్టండి, అయ్యాక రెండు మూడు నిమిషాలు మూత పెట్టి ఉంచండి. చికెన్ మధ్యలో 74 డిగ్రీలు రావాలి. అంగుళం లోతు ముక్కలో కాంబి బాగానే ఉడికిస్తుంది, ఎముక దగ్గర పచ్చిగా ఉందేమో కోసి చూడండి.

కేకుల_కోడలు
చేతులు కాలే విషయం ఎవరూ రాయలేదు. ఈ ఓవెన్‌లో నాకు తగిలిన దెబ్బలన్నీ అవే. మైక్రోకి అలవాటు పడ్డ చెయ్యి గాజు పళ్లేన్ని మామూలుగా పట్టేసుకుంటుంది. కన్వెక్షన్ తర్వాత పళ్లెం, స్టాండు, తలుపు లోపలి వైపు, పైకప్పు, అన్నీ పెనంతో సమానం. మసిగుడ్డ చాలదు, మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్ కొనుక్కోండి. అవి తడిగా ఉంటే ఒక్క క్షణంలో ఆవిరి కొట్టి లోపల చెయ్యి కాలుతుంది, పొడిగా ఉండాలి.

తీసిన గాజు గిన్నెని తడి గ్రానైట్ గట్టు మీద పెట్టకండి. మా తోడికోడలు పెట్టింది, లసాన్యా మొత్తం గాజుపెంకుల మధ్య. చెక్క పీట వేసి దాని మీద పెట్టండి.

పెందుర్తి_తాతయ్య
ఓవెన్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి దాని మీద ఆవకాయ జాడీ పెట్టే ఇళ్లు నాకు నాలుగు తెలుసు. మాదీ అందులో ఒకటి. మా మాన్యువల్‌లో వెనక 10, పైన 20 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలని రాశారు. ఈ చర్చ చదివాక లేచి జాడీ, గుడ్డ రెండూ తీయించాను.

లాసన్స్‌బే_గాలి
స్టెబిలైజరు పెట్టాలా అంకుల్? వానాకాలం మా వైపు వోల్టేజి బాగా ఆడుతుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత, 2014 అక్టోబరులో, కరెంటు తిరిగి వచ్చిన రోజు మా పాత ఓవెన్ బోర్డు పోయింది. ఆ భయం ఇంకా ఉంది.

రిటైర్డ్_ఎలక్ట్రికల్
పెడితే 2900 వాట్లు మోసేది, అంటే కనీసం 4 కేవీఏ పెట్టాలి. ఫ్రిజ్ స్టెబిలైజరుకి కలిపితే అదే కాలుతుంది. నా సలహా అయితే తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్ తీసేయడం, కరెంటు వచ్చాక కాసేపు నిలకడగా ఉందో లేదో చూసి పెట్టడం. ఇన్వర్టరు లైను మీద మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎన్‌ఏడీ_మెకానిక్
నేను పెట్టమనే చెప్తాను సార్. బోర్డులు పోయి నా దగ్గరికి వచ్చేవాటిలో వోల్టేజి వల్ల పోయినవే ఎక్కువ. మీరన్నట్టు సైజు సరిగ్గా ఉండాలి. ఇంకా బొద్దింకలు! వెచ్చగా ఉంటుందని బోర్డు దగ్గర కాపురం పెడతాయి, షార్టు అవుతుంది. వాడాక తుడవండి, ముక్కలు వదలకండి. గిన్నెలో నీళ్లు, నిమ్మచెక్క, చెక్క చెంచా వేసి మైక్రోలో మూడు నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తలుపు తీయకుండా ఉంచి తుడిస్తే జిడ్డు వదిలిపోతుంది.

ఎంవీపీ_లక్ష్మి
పది రోజుల తర్వాత రాస్తున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు బోర్డు నుంచి విడిగా లైను లాగాడు, 16 యాంప్స్ సాకెట్ పెట్టాడు. ఎర్తింగ్ మీటరుతో చూపించమంటే "ఎవరు చెప్పారమ్మా మీకు ఇవన్నీ" అని ఆశ్చర్యపోయాడు. బాక్సు విప్పి చూపించాడు, లోపల ప్లగ్ పిన్ను దూరే ఒక కన్నం చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగులోకి మారి కారిపోయి ఉంది. మావారు అది చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఓవెన్ మెకానిక్ లోపల రంగు వేశాడు, మైకా మార్చాడు, తలుపు సీలు, లీకు చూశాడు, బాగుందన్నాడు.

చీటీ కూడా అంటించాను. నిన్న కన్వెక్షన్‌లో 180కి బదులు 160 పెట్టి కేకు చేశాను, అరగంట సేపూ సాకెట్ మీద చెయ్యి వేసి చూస్తూనే ఉన్నాను. చల్లగానే ఉంది.

రేపు పొద్దున్నే ఫిషింగ్ హార్బరు నుంచి చందువలు తెస్తామంటున్నారు మావారు. కాంబిలో పెట్టాలా, కన్వెక్షన్‌లోనా?

కేకుల_కోడలు
చందువ పలచగా ఉంటుంది కదండీ, కాంబి అక్కర్లేదు, ఎండిపోతుంది. కన్వెక్షన్ 200, ముందుగా వేడి చేసి, స్టాండు మీద. కింద నూనె కారడానికి గాజు పళ్లెం ఉండనివ్వండి. పది నిమిషాలకి తిప్పండి, ఇంకో ఎనిమిది పది నిమిషాలు. ముల్లు దగ్గర మాంసం తెల్లగా విడిపోతే అయినట్టే.

గాజువాక_కుర్రోడు
అక్కా, ఎంవీపీలో ఏ సెక్టారు?